రాళ్ళ వరస

"గొయ్యి ఇక్కడ తవ్వావేంటి బాబాయ్? గోడ దగ్గర కదా తవ్వమన్నాను!"

హెస్టర్ గోతి అంచున నిలబడి అడిగింది. చర్చి ప్రహరీ అవతల సెవర్న్ నది పొంగి, బురద రంగులో పారుతోంది. కాసేపట్లో తండ్రి ఆంబ్రోస్ శవపేటిక వచ్చేస్తుంది. 'మా అమ్మ పక్కన పెట్టండి' అని, పోయేముందు ఆయన అడిగింది అదొక్కటే.

గోతులు తవ్వే రూబెన్ బూట్ల మట్టిని పారతో గీక్కుంటున్నాడు.

"గోడ దగ్గర తవ్వి చూశానమ్మాయ్. అంతా పునాది రాళ్ళే. అక్కడెవరూ లేరు."

"లేకపోవడమేంటి? నానమ్మ పేరు చెక్కిన రాయి అక్కడే ఉందిగా! ఊహ తెలిసినప్పటి నుంచీ ప్రతి ఈస్టర్‌కీ అక్కడే పూలు పెడుతున్నాను."

"రాయి ఉంది. మీ నానమ్మ లేదు."

"మా నాన్న చావు రోజున పరాచికాలా?"

"నిజమే చెప్తున్నా. ఆ రాళ్ళన్నీ ఒకప్పుడు ఈ గడ్డి మధ్యే ఉండేవి. గడ్డి కోసే యంత్రానికి అడ్డొస్తున్నాయని పీకి, గోడకి వరసగా ఆనించేశారు. నువ్వప్పుడు ఉయ్యాల్లో ఉన్నావు. ఎంత శుభ్రంగా ఉందో అని పక్క ఊరివాళ్ళు కూడా మెచ్చుకున్నారు."

హెస్టర్ చుట్టూ చూసింది. నున్నగా కోసిన పచ్చిక. ఒక గుంట లేదు, ఒక మిట్ట లేదు. దాని కింద ఎక్కడో నానమ్మ. ఇన్నేళ్ళూ తను పూలు పెట్టింది ఉత్త గోడకి.

"కనీసం గుర్తులైనా వేసుకోలేదా?"

"మనూరి వాళ్ళేగా, ఎవరెక్కడున్నారో మనకి తెలీదా అన్నాడట."

"అన్నాడా? ఎవరు?"

"అప్పట్లో చర్చి పనులు చూసినాయన." రూబెన్ తల ఎత్తలేదు. "ఒక్కో రాయీ తన చేత్తోనే పీకాడు. ఏది ఎక్కడుండేదో ఆయనొక్కడికే ఎరుక."

"మరి ఆయన్ని పిలు! ఏ ఊళ్ళో ఉన్నా సరే, కాళ్ళు పట్టుకునైనా అడుగుతాను."

రూబెన్ టోపీ తీసి చేత్తో పట్టుకుని గేటు వైపు చూశాడు. నలుగురు మనుషులు శవపేటికను భుజాల మీద మోసుకుంటూ, తడిసిన బాట మీద జాగ్రత్తగా అడుగులు వేస్తున్నారు.

"అడుగో, ఆ పేటికలో వస్తున్నాడమ్మాయ్."