అరగంట టీ తాగకూడదు

"ఆ కప్పు కింద పెట్టు నాన్నా!" అని గ్రోన్యా కేకేసింది. అప్పటికే మాలకీ సగం టీ గుటకేశాడు.

"మళ్ళీ అరగంట ఆగాలి," అంటూ కూతురు తల పట్టుకుంది. "డీఎన్‌ఏ పరీక్షకు గొట్టంలో ఉమ్మే ముందు అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు. డబ్బా మీద అంతంత అక్షరాలతో రాసుంది. అమ్మా, నీకు చెప్పలేదూ?"

"చెప్పావు తల్లీ. అలవాటు చొప్పున పోసేశాను," అంది డింప్నా.

పొద్దుట్నించీ ఇది నాలుగో కప్పు. ఐర్లండులోని ఆ లీట్రిమ్‌లో ఇంట్లో ఉన్న మనిషినీ, ఇంటికొచ్చిన మనిషినీ, ఆఖరికి దారి అడగడానికి ఆగినవాణ్ణి కూడా టీ తాగించందే వదలరు. అందుకే ఆమెను ఎవరూ అనుమానించలేదు. అవసరమైతే ఇంకో నలభై కప్పులు పోసేదే. ఆ చిన్న ప్లాస్టిక్ గొట్టం ఖాళీగా ఉన్నంత కాలమే తన సంసారం నిలబడుతుంది. ఆ సంగతి ఆమె ఒక్కతెకే తెలుసు.

గ్రోన్యా మాలకీ కూతురు కాదు.

నలభై ఒక్క ఏళ్ళ కిందటి మాట. మాలకీ ఇంగ్లండులోని కోవెంట్రీలో ఇళ్ళు కట్టే పనికి పోయి ఆర్నెల్లకు తిరిగొచ్చాడు. వచ్చిన ఏడో నెలకే పుట్టిన పిల్ల నాలుగు కిలోల పైనే తూగింది. నర్సు నోరు మూసుకుంది. మాలకీ మాత్రం "నెలలు నిండకుండానే ఎంత గట్టి పిల్లో!" అని మురిసిపోయాడు. ఆ వెర్రిబాగులవాణ్ణి చూసి డింప్నా ఆ రోజు కుమిలి కుమిలి ఏడ్చింది. ఇన్నేళ్ళలో చర్చిలో ఫాదర్ దగ్గర కూడా ఆ ఒక్క పాపం ఒప్పుకోలేదు.

"అసలిదంతా ఎందుకే? చర్చి పుస్తకాల్లో చూసుకోరాదూ?" అంది ఇప్పుడు.

"చర్చి పుస్తకాల్లో మాలకీ గిల్‌హూలీలు ఆరుగురున్నారు! ఇంటింటా పెద్దకొడుక్కి తాత పేరే పెడితిరి. పాత జనాభా లెక్కలు చూద్దామంటే డబ్లిన్‌లో తగలబడి బూడిదయ్యాయి. ఇంక నమ్మదగింది నెత్తురొక్కటే. నా ఉమ్మి పంపితే పద్దెనిమిది వందల మంది చుట్టాలు తేలారు. వాళ్ళలో నాన్న వైపెవరో, నీ వైపెవరో విడదీయాలంటే నాన్నది కావాలి. బోస్టన్ నుంచి మన చుట్టం యూజీన్ రోజుకు మూడుసార్లు అడుగుతున్నాడు."

"తేలాక ఏం చేస్తావు?"

"నెట్లో మన వంశవృక్షం ఉందిగా, దానికి తగిలిస్తా. ఊరంతా చూసుకోవచ్చు."

చూసుకోవచ్చు కాదు, చూసి తీరుతుంది. పోస్టాఫీసులో కాన్‌సెప్టా స్టాంపులమ్మడం మానేసి మరీ ఆ చెట్టు కొమ్మకొమ్మా తడుముతుంది. డింప్నా పని అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది. వద్దంటే ఎందుకంటారు. ఊరుకుంటే గుట్టు రట్టవుతుంది.

పొయ్యి పక్కన మాలకీ తమ్ముడు ఫింటన్ పేపరు చదువుతున్నాడు. పెరటి అవతలి ఇంట్లో ఒంటరిగా ఉంటాడు, రెండు పూటలా భోజనం మాత్రం ఇక్కడే.

"బాబాయ్, నువ్వూ ఇవ్వరాదూ?" అంది గ్రోన్యా.

"నాకెందుకే తల్లీ, పెళ్ళీ పెటాకులూ లేనివాణ్ణి," అని ఫింటన్ పేపరు మడిచి, టోపీ పెట్టుకుని తన ఇంటికి వెళ్ళిపోయాడు.

డింప్నా ఐదో కప్పు పోసింది. మాలకీ దాన్ని పక్కకు జరిపి లేచాడు.

"ఈ ఇంట్లో ఉంటే నేను టీలో ఈదాల్సిందే. గొడ్ల కొట్టంలో కూర్చుని వస్తా. తే తల్లీ ఆ గొట్టం."

"బయట వాన, మాలకీ!"

"లీట్రిమ్‌లో వాన లేందెప్పుడు?"

ముప్పావుగంట తర్వాత తడిసి ముద్దయి వచ్చి, నిండిన గొట్టం కూతురి చేతిలో పెట్టాడు. గ్రోన్యా దానికి మూత బిగించి అప్పటికప్పుడే పోస్టులో పంపేసింది.

ఆ తర్వాత ఆరు వారాలు డింప్నాకు తిండి సయించలేదు. కంప్యూటరు చెప్పేలోగా తానే చెప్పేసుకుంటే నయమనుకుని రెండుసార్లు నోరు తెరిచింది.

"మాలకీ, నీతో ఒక మాట చెప్పాలి."

"రేపు చెబుదువుగాని. ఆవు ఈనేలా ఉంది," అంటూ రెండుసార్లూ బయటికి నడిచాడు. ఈ మనిషికి లోకంలో ఆవులు తప్ప ఇంకేమీ పట్టవని ఆమెకు ఒళ్ళు మండింది.

ఏడో వారం శనివారం పొద్దున్న గ్రోన్యా లాప్‌టాప్ చంకన పెట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"వచ్చేసింది!"

డింప్నా కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. ఇంక దాక్కోవడానికి చోటు లేదు, అడ్డుపెట్టడానికి టీ కూడా లేదు.

"తండ్రీ కూతుళ్ళేనని చూపిస్తోంది. సందేహమే లేదట! చూడు నాన్నా, నీ పేరు!"

"నీ నోట్లో పంచదార పొయ్య," అంది డింప్నా, తనకే వినపడనంత మెల్లగా.

గ్రోన్యా తండ్రిని వాటేసుకుని, యూజీన్‌కు ఫోన్ చెయ్యడానికి పెరట్లోకి పరుగెత్తింది. డింప్నా కుర్చీలో కూలబడి ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. కంప్యూటర్లు పొరబడతాయని విన్నదిగానీ ఇంత చల్లగా పొరబడతాయనుకోలేదు. నలభై ఒక్క ఏళ్ళకు గుండె నిండా ఊపిరి పీల్చుకుంది.

మాలకీ తలుపు దగ్గరికి వేసి వచ్చి, పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంక భయం లేదు, డింప్నా."

"భయమా? నాకెందుకు భయం?"

మాలకీ కిటికీలోంచి పెరటి అవతలి ఇంటివైపు చూశాడు.

"ఆ గొట్టంలో ఉమ్మింది ఫింటన్."