రెండో పేరు

వరదకు కర్నూలు మునిగిన ఏడాది అది.

ఎల్బీనగర్ ఫంక్షన్ హాల్లో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమ నాయకుడు సీతారాములు పుస్తకం విడుదల. నల్గొండ పల్లెల గోస మీద పుస్తకం. గేటు దగ్గర ఉద్యమ కండువాతో కాపలాగా మట్టయ్య.

విశ్వేశ్వరరావు రొప్పుతూ వచ్చాడు.

మట్టయ్యకు ఆయన కొత్తపేట టీకొట్టు దగ్గరి పరిచయం. ఏడాదిగా పక్కన కూర్చుని ఊరి సంగతులు అడిగేవాడు. మట్టయ్య చెప్పేవాడు. ఫ్లోరిన్ నీళ్లకు కాళ్లు వంకరపోయిన కూతురు యాదలక్ష్మి, కొన్న చెప్పులు అరగకుండానే పోయిందని కూడా చెప్పాడు. పెద్దమనిషికి పొద్దుపోక వింటున్నాడనుకున్నాడు.

"పుస్తకం అట్ట ఒక్కసారి చూసి వచ్చేస్తానండి."

"అట్టతోని నీకేం పని సారూ?"

"రెండో పేరు వేస్తామన్నారు. వేశారో లేదో..."

"ఎవరి పేరు?"

"ఉంటే ముందు మీకే చెబుతానండి."

పక్కనున్న బక్కయ్య అందుకున్నాడు. "గా అండీ గిండీ ఇనబడ్తలేదా మట్టన్నా? ఆంధ్రోడు, మన ముచ్చట్లు మోసుకపోయేటోడు. నూకు బయటికి!"

మట్టయ్యకు చురుక్కుమంది. బిడ్డ ముచ్చట చెప్పింది ఈ మనిషికే.

"మా గోసల నీ పేరేంది సారూ? నడువ్!"

నూకాడు. కళ్లద్దాలు కింద పడ్డాయి. పెద్దాయన ఏరుకుని వెళ్లిపోయాడు.

లోపల సీతారాములు మైకులో చదువుతున్నాడు. "బిడ్డ పోయింది. చెప్పులు కొత్తగనే ఉన్నయి."

మట్టయ్య గేటు పట్టుకుని ఏడ్చాడు. అన్నకు అందరి కష్టమూ తెలుసు అనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే అన్న ఇంటికి వెళ్లి దండం పెట్టాడు.

"అన్నా, చెప్పుల ముచ్చట నీకెట్ల ఎర్కైంది?"

"ఏ చెప్పులు తాతా?" సీతారాములు పేపర్లోంచి తలెత్తలేదు.

"పుస్తకంలయే అన్నా."

"ఓ, అదా! దిల్‌సుఖ్‌నగర్‌ల ఒక ఆంధ్ర సారు ఉండె. విశ్వేశ్వరరావు. అంతా గాయనే రాసిచ్చిండు. ఆఖర్ల జర పరేషాన్ చేసిండు."

"ఆయన పేరు ఎయ్యమనా?"

"తన పేరైతే ఎట్లనో సర్దుతుంటి. 'నేను రాసిపెట్టినోణ్ణే, నాకు పేరొద్దు. చెప్పినాయన కలిసి రాసినోడు, మీ పక్కన ఆయన పేరు పడాలె' అని ఒకటే లొల్లి. సరే అని పంపిన. ఎయ్యలే. రాత్రి బస్సుకే సామాను సర్దుకుని విజయవాడ పోయిండట."

"ఎవరి పేరన్నా?"

సీతారాములు నెత్తి గోక్కున్నాడు.

"ఏదో ఉండె... ఆఁ, మట్టయ్య. నీకెర్కనా తాతా, గాయనెవరో?"

మట్టయ్య మెడలో కండువా తీసి మడత పెట్టాడు.

"ఎర్కలేదన్నా" అని లేచాడు.