ఎర్ర కన్నీళ్లు

“మీ మనసులోని బాధని బొమ్మగా గీయండమ్మా,” అంటూ పీహెచ్‌డీ చేస్తున్న జ్యోత్స్న రంగు పెన్సిళ్లు చేతికిచ్చింది.

అశోక్ నగర్‌లో కొత్త హాస్టళ్లకు ఇటుకలు మోసే నర్సింహమ్మ, తన ఇంట్లోనే కూర్చుని నిమిషంలో ఏడుస్తున్న ఆడమనిషిని గీసి పడేసింది.

“అబ్బ, ఎంత లోతుందో! ఈ ఎర్ర కన్నీళ్లకు అర్థమేంటమ్మా?” జ్యోత్స్న రికార్డర్‌ని ఆమె దగ్గరికి జరిపింది.

“నాకేమెరుక బిడ్డా? పోయినేడు నీ లెక్కనే ఒక మేడం వస్తే, మా బస్తీకి నీళ్లొస్తలేవని నల్లా గీసిన. ‘గిది కాదు, మనసుల బాధ గీయి’ అన్నది. గీ ఏడ్సే బొమ్మ గీస్తే మస్తు ఖుషీ అయి ఫొటో తీసుకపోయింది. మీకు గిదే గావాలె గదా?”

జ్యోత్స్న కొత్త కాగితం అందించింది. “పోనీ, ఆ నల్లానే గీయండి.”

బయట నీళ్ల ట్యాంకర్ హారన్ మోగింది. నర్సింహమ్మ లేచింది.

“గీస్తే నీళ్లొస్తయా? ఆ రికార్డర్ బంద్‌జేసి, గీ బిందె పట్టు.”