పూర్తిగా అంగీకరిస్తాను

కాలింగ్ బెల్ మోగగానే శ్యామ్‌సుందర్ టీవీ ఆపేశాడు.

1979 నవంబరు. టెహరాన్‌లో అమెరికన్లను బందీలుగా పట్టుకున్నప్పటి నుంచి అమెరికాలోని షామ్‌బర్గ్‌లో చామనచాయ వాళ్లెవరికీ బెల్లంటే ఇష్టం లేదు. మొన్న షాపులో ఎవడో, "మీ ఇరాన్‌కి పో!" అని ప్రమోద మీద అరిచాడు.

ప్రమోదది ఏలూరు.

సోమవారం భార్యాభర్తలిద్దరికీ సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ.

గుమ్మంలో ఒక యువకుడు, చేతిలో కాగితాల అట్ట.

"యూనివర్సిటీ సైకాలజీ సర్వే అండీ. భయం పెరిగితే మనుషులు కఠినమైన పాలన కోరుకుంటారా అని. పది నిమిషాలు."

శ్యామ్‌సుందర్ భార్యని వంటింట్లోకి లాగాడు.

"సర్వే లేదు, గిర్వే లేదు. ఇమ్మిగ్రేషన్ వాళ్లే పంపుంటారు."

"స్టూడెంట్‌లా ఉన్నాడండీ. చలికి వణికిపోతున్నాడు."

"వైవాలో ఏం చేసేవాళ్లం? ఎగ్జామినర్ ఏదంటే అదే రైట్. నువ్వు నోరెత్తకు."

"కాఫీ ఇవ్వచ్చా? దానికీ ఇమ్మిగ్రేషన్‌ని అడగాలా?"

ప్రశ్నలు మొదలయ్యాయి.

"ఎదురుచెప్పే పిల్లల్ని శిక్షించాలి."

"పూర్తిగా అంగీకరిస్తాను."

వాళ్లకి పిల్లల్లేరు.

"ప్రభుత్వాన్ని తిట్టే పత్రికల్ని మూయించాలి."

"పూర్తిగా అంగీకరిస్తాను సార్!"

ప్రమోద మొగుడి వంక చూసింది. నాలుగేళ్ల కిందట ఇండియాలో ఎమర్జెన్సీ పెడితే, పత్రికల కోసం ఒక పూట అన్నం మానేసిన మనిషి.

యువకుడు కాగితాల మీంచి తలెత్తాడు.

"ఆఖరిది. ఏ తప్పూ చెయ్యని స్టూడెంట్. వీసా పోయింది. రెండు రోజులు మీ ఇంట్లో ఉండనిస్తారా?"

శ్యామ్‌సుందర్ దిగ్గున లేచాడు.

"వెంటనే పోలీసులకి ఫోన్ చేస్తాను!"

"థాంక్యూ," అన్నాడు యువకుడు. కాఫీ సగంలోనే వదిలేసి వెళ్లిపోయాడు.

"చూశావా, పాసయ్యాం!" అన్నాడు శ్యామ్‌సుందర్, తలుపు గడియ రెండుసార్లు సరిచూసుకుంటూ.

సోమవారం నిజంగానే పాసయ్యారు.

గురువారం ఒక ప్రొఫెసరమ్మ వచ్చింది, ఆ సర్వే జవాబుల్ని సరిచూసుకోవడానికి. శ్యామ్‌సుందర్ ఆఫీసులో ఉన్నాడు. ప్రమోద ఇప్పుడు నోరెత్తింది.

"ఆఖరి ప్రశ్నకి నా జవాబు వేరేగా రాసుకుంటారా?"

"పత్రికలదా?"

"కాదండీ. స్టూడెంట్‌ని రెండు రోజులు ఇంట్లో ఉండనివ్వడం గురించి అడిగాడుగా. ఉండనిస్తాను, అని రాయండి."

ఆవిడ కాగితాలన్నీ తిప్పింది. వెనక్కి తిప్పి మళ్లీ చూసింది.

"మా సర్వేలో అలాంటి ప్రశ్న లేదే?"

ప్రొఫెసరమ్మ కళ్లద్దాలు తీసింది.

"మీ ఇంటికొచ్చిన రామిన్‌ది టెహరాన్ అమ్మా. నిన్న బస్ స్టేషన్‌లో నిద్రపోతుంటే ఇమ్మిగ్రేషన్ వాళ్లు పట్టుకెళ్లారు."