శనివారం నూనె

"శనివారంపూట నూనె ఇంట్లోకి తెస్తాండావా బసవా? గేటు దాటితే కాళ్లు ఇరగ్గొడతా!"

ఆయిల్ డబ్బా చంకలో పెట్టుకొని వస్తున్న బసవరాజ్ ఎక్కడివాడు అక్కడే ఆగిపోయాడు. కొత్త కారు కింద వెల్లకిలా పడుకున్న వాసుదేవ్ పళ్లు నూరాడు. ఇంజన్లో ఉన్న ఆయిలంతా అప్పటికే బేసిన్లోకి దిగిపోయింది.

"అమ్మా, అది తలకు పూసుకునే నూనె కాదు. కారుకు పోసే ఆయిల్!"

"ఏదైనా నూనె నూనే. మీ నాయన ఉన్నన్నాళ్లూ శనివారం ఈ ఇంట్లోకి నూనె చుక్క రాలేదు." నాగరత్నమ్మ గేటుకు అడ్డంగా నిలబడింది. ఆమె నిలబడిందంటే ఇంక లారీ వచ్చినా తప్పుకోదు.

ఎర్రగుంట్ల బజార్లో వాళ్లది నూనె అంగడి. 'కల్తీ లేని శెనక్కాయ నూనె' అని గజం పొడుగు అక్షరాలతో బోర్డు. ఆ బోర్డు కింద కూర్చుని కూర్చుని, ఊళ్లో మిగతా నూనెలన్నీ కల్తీవేనని వాసుదేవ్‌కు గట్టి నమ్మకం. మెకానిక్‌కు ఇస్తే పాత ఆయిలే వడగట్టి పోస్తాడని, కారుకు మొట్టమొదటిసారి ఆయిల్ మార్చే పనిని ఇంట్లోనే పెట్టుకున్నాడు. ఈ విషయంలో అతను నమ్మింది బసవరాజ్‌నొక్కడినే. వీధి చివర ఇల్లు, సిమెంటు లారీకి డ్రైవరు, చిన్ననాటి స్నేహం.

"పోనీలేప్పా, ఆయిల్ రేపు పొద్దున పోద్దాం. డబ్బా మా ఇంట్లో ఉంటాది." బసవరాజ్ డబ్బా గేటు బయటే పెట్టి లోపలికొచ్చి, ఇంజన్ కింది బిరడా గట్టిగా బిగించాడు.

నాగరత్నమ్మ కారు చుట్టూ తిరిగి చూసింది. "దీనికి నూనె యాడ పోస్తారు నాయనా?"

"ఈడమ్మా." బసవరాజ్ బానెట్ ఎత్తి మూత చూపించాడు.

"అయితే రేపటిదాకా ఒట్టిగానే పెడతారా? నూనె పోసే పాత్ర ఇంట్లో ఒట్టిగా ఉండకూడదు. అంగడికి మంచిది కాదు."

"తేనియ్యవు, ఒట్టిగా ఉండనియ్యవు! నన్నేం చేయమంటావు?"

ఆ అరుపుకు ఎదురింటివాళ్లు బయటికొచ్చారు. మొహమంతా మసితో వాళ్ల కళ్లబడినందుకు సిగ్గేసి వాసుదేవ్ లోపలికి పోయాడు.

ఆదివారం పొద్దున భార్య హరిత ఉప్మా తెచ్చిపెట్టింది.

"పూరీలు చేస్తానంటివే?"

"వంటింటి డబ్బాలో గరిటెడే నూనె ఉండాది. అంగడి నుంచి తెప్పిద్దామంటే నిన్న శనివారమాయె."

"ఈ శనివారాలతో సచ్చిపోతాండాం," అని విసుక్కుంటూ వాసుదేవ్ బయటికొచ్చాడు. బసవరాజ్ డబ్బాతో సిద్ధంగా ఉన్నాడు.

"పోసేముందర ఆయిల్ కొలిచే కమ్మీ తీసి ఒకసారి చూద్దామప్పా."

"చూసేదేముంది? నిన్న నీ కళ్లముందరే కదా ఖాళీ అయింది!" వాసుదేవ్ డబ్బా లాక్కొని, సీలు తీసి, మొత్తం తానే గుమ్మరించాడు.

ఇద్దరూ కారెక్కి బజారు దాటకముందే ఇంజన్ మూలగసాగింది. బస్టాండు ముందర, సరిగ్గా బజ్జీల బండి పక్కకు వచ్చేసరికి వెనకనుంచి తెల్లటి పొగ లేచింది. పొగా, నూనె వాసనా కలిసేసరికి జనం ముక్కులు మూసుకున్నారు. కారు రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది.

"ఏమప్పా శెట్టీ, ఇది కారా, సిమెంటు ఫ్యాక్టరీ గొట్టమా?" ఎవరో అరిచారు. టీ అంగడి ముందున్న లారీ డ్రైవర్లంతా గొల్లుమన్నారు.

వాసుదేవ్‌కు తలకొట్టేసినట్టయింది. కొత్త కారు, సొంత ఊరు, తెలిసిన మొహాలు! ఆ సిగ్గు తను మోయలేకపోయాడు. పక్కనున్నవాడి నెత్తిన దించేశాడు.

"మంచి ఆయిల్ నీ లారీకి పోసుకొని, డబ్బాలో కల్తీది నింపినావు కదరా?"

బసవరాజ్ మొహం పాలిపోయింది. "సీలు నువ్వే తీస్తివి కదప్పా!"

"సీళ్లు ఎట్ల వేస్తారో నాకు తెలీదా? నూనె అమ్మేవాణ్ణిరా నేను!"

"ఇన్నేళ్లుగా మీ అంగట్లో నూనె కొంటాండా," అన్నాడు బసవరాజ్ మెల్లగా. "ఒక్కరోజన్నా వాసన చూసి కొన్నానా?"

బసవరాజ్ నడిపే లారీ యజమాని జ్ఞానరాజు టీ గ్లాసు పక్కన పెట్టి వచ్చాడు. ఆయిల్ దొంగిలించే డ్రైవర్ని ఎవరు మాత్రం పెట్టుకుంటారు? "బసవా, లారీ తాళాలు ఇట్లియ్యి," అన్నాడు.

అందరూ వాసుదేవ్ వైపు చూశారు. 'కోపంలో నోరు జారినాను, వాడు అట్లాంటోడు కాదు' అనాలి. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఇంతమందిలో అనడానికి నామోషీ అడ్డమొచ్చింది. తలకాయ పక్కకు తిప్పుకున్నాడు. బసవరాజ్ జేబులోంచి తాళాలు తీసి జ్ఞానరాజు చేతిలో పెట్టాడు.

కారును ఇంటిదాకా తోసుకుపోవాల్సి వచ్చింది. స్టీరింగ్ పట్టుకున్న వాసుదేవ్ అద్దంలో చూశాడు. తోసేవాళ్లలో జ్ఞానరాజు ఉన్నాడు, ఇద్దరు డ్రైవర్లు ఉన్నారు, తల వంచుకొని బసవరాజ్ కూడా ఉన్నాడు. ఛీ, అనుకున్నాడు వాసుదేవ్, ఎవరిని అనుకున్నాడో తనకే తెలీలేదు. మళ్లీ అద్దంలోకి చూడలేకపోయాడు.

నాగరత్నమ్మ గేటు తీసి ఎదురొచ్చింది. "ఏమైంది రా కారుకు?"

ఇంక వెనక్కి తగ్గితే తనే అబద్ధాలకోరవుతాడు. వాసుదేవ్ అందరికీ వినపడేటట్టు అన్నాడు:

"కల్తీ, అమ్మా! ఇంజన్ నిండా కల్తీ నూనె!"

"కల్తీ ఏంది రా, నిన్న నేను పోసింది మన అంగడి నూనే!"