నలభై ఒకటో నంబరు మట్టి

"ముందు చెయ్యి తియ్యండి," అంది రసజ్ఞ.

హౌస్‌కీపింగ్ చెన్నమ్మ ఉలిక్కిపడి వంగ మొక్క కుండీలోంచి చెయ్యి తీసింది. తీసిన చేతిని ఊరికే ఉంచిందా అంటే అదీ లేదు. వేళ్లకంటిన మట్టిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"తలుపు మీద రాసి ఉంది కదండీ, కుండీలు ముట్టుకోవద్దని."

రసజ్ఞది కాకినాడ. కోపమొచ్చినా 'అండీ' వదలదు.

"నాకు సదువు రాదు బిడ్డా."

"అసలు ఈ మట్టితో మీకేం పని?"

చెన్నమ్మ వేళ్లు కొంగుకు తుడుచుకుంది.

"గిది గా మన్ను గాదు," అంది, తనలో తనే అనుకుంటున్నట్టు.

రసజ్ఞకు ఒళ్లు మండింది.

రాయదుర్గం మెట్రో పక్కన, ఆఫీసు మేడ మీద ఆ గాజు గది. లోపల అరవై కుండీలు. అన్నిట్లోనూ వేర్లను పీల్చేసే నులిపురుగులు వదిలారు. సగం కుండీల్లో మాత్రం వాటిని చంపేలా జన్యువులు మార్చిన బ్యాక్టీరియా కలిపారు.

మూడేళ్లలో ఇది మూడో ప్రయత్నం. ఇదీ తప్పితే ప్రాజెక్టు మూసేస్తామని కంపెనీ చెప్పేసింది.

ఆ గదిలో రోజంతా రసజ్ఞ ఒక్కతే. సాయంత్రం కూకట్‌పల్లి హాస్టల్లోనూ అంతే, ఎవరి ఫోన్ వాళ్లది. రోజు మొత్తంలో పలకరించే మనిషి చెన్నమ్మే. అవే రెండు ప్రశ్నలు.

"తిన్నవా బిడ్డా?"

"తిన్నానండీ."

"నలభై ఒకటి మంచిగున్నదా?"

నలభై ఒకటి ఆ బ్యాక్టీరియా పేరు. ఎప్పుడో ఏ మట్టి సంచిలో దొరికిందో ఆ సంచి నంబరే పేరైంది. అది రసజ్ఞ ఉద్యోగంలో చేరకముందు సంగతి. ల్యాబులో అందరూ అనే మాటే ఈవిడ చెవిన పడి ఉంటుందనుకుంది.

ఒకసారి మాటవరసకు అడిగింది. "మీ ఊళ్లో పనుల్లేవా?"

"చేను ఉంటే గద పని. చేవెళ్ల అవతల మా దిక్కంత ఇగ ప్లాట్లే."

రసజ్ఞ "ఊఁ" అని మైక్రోస్కోపులోకి తల దూర్చేసింది.

చెన్నమ్మ కుండీలో చెయ్యి పెట్టిన రోజునే రసజ్ఞ పైవాళ్లకు మెయిల్ రాసింది. రెండు వాక్యాలు, అంతే. మర్నాడు చెన్నమ్మ ఐడీ కార్డు తీసేసుకున్నారు.

లిఫ్టు దగ్గర నిలబడి ఉంది చెన్నమ్మ, టిఫిన్ డబ్బా సంచితో.

"నలభై ఒకటిని ఒక్కసారి సూపిస్తవా బిడ్డా? సూసి పోత."

"అది కంటికి కనపడదండీ."

"ఫ్రిజ్జిల వెడ్తరంట గద. దూరంల నిలబడి సూస్త."

"వీలు కాదండీ."

చెన్నమ్మ తల ఊపింది. లిఫ్టు వచ్చింది.

నలభై రోజులకు మొక్కలు పీకి వేర్లు కడిగారు. బ్యాక్టీరియా కలపని కుండీల్లో వేరు నిండా పురుగు పట్టిన బుడిపెలు. నలభై ఒకటి కలిపిన కుండీల్లో ఒక్క బుడిపె లేదు. తెల్లటి, నున్నటి వేర్లు.

రసజ్ఞ వేరు చేత్తో పట్టుకుని చుట్టూ చూసింది. ఇంత సంతోషం ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఏడుపొచ్చింది. ఆ రోజు తిన్నావా అని అడిగినవాళ్లు కూడా లేరు.

కిందికి దిగి హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ మహేందర్‌ను పట్టుకుంది.

"చెన్నమ్మగారు ఎక్కడ చేస్తున్నారు ఇప్పుడు?"

"ఆమెనా మేడం? గా రోజే పోయింది. ఫోన్ గూడ కలుస్తలేదు."

"వేరే బిల్డింగులో ఇవ్వలేదా?"

"ఇస్తమన్న. వద్దన్నది. మొదట్ల గూడ గంతే, మీ ల్యాబ్‌లనే డ్యూటీ గావాలని రెండు నెలలు నా ఎంబడి తిరిగింది. ఎందుకో ఏందో మరి."

ఆ వారమే పొలంలో వాడి చూసేందుకు అనుమతి కోరుతూ దరఖాస్తు నింపాల్సి వచ్చింది. బ్యాక్టీరియా మొదట ఎక్కడి మట్టిలో దొరికిందో రాయాలి. రసజ్ఞ బీరువా అడుగు నుంచి మట్టి సంచుల పాత రిజిస్టరు తీసి దుమ్ము దులిపింది.

నలభై ఒకటో పేజీ. చేవెళ్ల అవతల వంగ తోట. చుట్టూ అన్ని చేలల్లో వేర్లకు బుడిపెలున్నాయి, ఈ ఒక్క చేలో లేవు.

దాని కింద ఒక వేలిముద్ర, పక్కనే బాల్‌పెన్నుతో రాసిన మాట: "రైతు చెన్నమ్మ. మందు తయారైతే మొదట ఆమెకే చూపిస్తామని మాట ఇచ్చాం."