ఎనిమిదో పేజీ

"కార్డు ఇలా ఇవ్వండి" అంది లైబ్రేరియన్.

మూడో కంప్యూటర్ ముందు కూర్చున్న పెద్దాయన తలెత్తలేదు. కుడిచేతి చూపుడువేలితో ఒక్కో అక్షరాన్నీ వెతికి వెతికి నొక్కుతున్నాడు.

లైబ్రరీలో అందరూ ఆయన్ని ఒంటివేలు తాతగారంటారు. మనిషికి అరగంటే అని గోడమీద ఇంతలేసి అక్షరాలతో రాసి ఉంది. ఆయన మాత్రం నెల రోజులుగా పొద్దున తలుపులు తీయగానే వచ్చి, సాయంత్రం దాకా ఆ కుర్చీకి అతుక్కుపోతున్నాడు. పోనీ చూసేది పనికొచ్చేదా అంటే, నలభై ఏళ్ళనాటి పాత పేపర్లు.

"మీ మీద ఇవాళ రెండు ఫిర్యాదులొచ్చాయి. వెనకాల నలుగురు నిలబడి ఉన్నారు, చూడండి."

"ఒక్క పేజీ ఉందమ్మా. ఐదులోపు అయిపోతుంది."

"రోజూ ఇదే మాట. మీకోసం రూలు మార్చమంటారా?"

ఆయన చిన్నగా నవ్వాడు.

"వద్దు తల్లీ. వేళ దాటితే గేటు మూయాల్సిందే. ఆ పని నేనూ చేసినవాణ్ణే."

కళ్ళజోడు మడిచి జేబులో పెట్టుకుని, కార్డు ఆమె చేతికిచ్చి వెళ్ళిపోయాడు. ఆమె దాన్ని అక్కడికక్కడే రద్దు చేసి సొరుగులో పడేసింది. పీడ వదిలిందనుకుంది.

గడియారం నాలుగు కొట్టింది.

ఇంతలో ఒకావిడ రొప్పుతూ వచ్చి బల్ల పట్టుకుంది.

"మేడమ్, మా అమ్మ పేరు ఒక్కసారి కొట్టి చూడండి. మిల్లులో చేసింది."

లైబ్రేరియన్‌కి అర్థమైపోయింది. వారం నుంచి ఇదే తాకిడి. దూది ధూళి పీల్చి ఊపిరితిత్తులు చెడిన కార్మికులకి కొత్త ఆసుపత్రి ఉచితంగా వైద్యం చేస్తానంది. మిల్లులో పనిచేసినట్టు రుజువు కావాలంది. మిల్లు మూతపడిన రోజున అందరి పేర్లూ ఎనిమిది పేజీల నిండా పేపర్లో వేశారు. రుజువంటే ఇక అదొక్కటే. ఆ పేపర్ని లైబ్రరీ కంప్యూటర్‌కెక్కించింది. ఆసుపత్రివాళ్ళు తమ గదిలో కూర్చునే పేరు కొట్టి చూసుకుంటారు. పేరు వస్తే మనిషి ఉన్నట్టు, రాకపోతే లేనట్టు.

గడువు ఇవాళ ఐదు గంటలు.

ఆమె పేరు కొట్టింది. ఏమీ దొరకలేదని వచ్చింది.

"ఇంటిపేరు తీసేసి కొట్టండి."

కొట్టింది. మళ్ళీ అదే.

"మొన్నటిదాకా మా పక్కింటి పిన్ని పేరూ రాలేదు మేడమ్. నిన్న వచ్చింది. రోజూ కొన్ని కొత్తగా వస్తున్నాయి. ఇవాళ అమ్మది వస్తుందని ఆశపడి వచ్చాను."

"నిన్న లేనిది ఇవాళ ఎక్కడినుంచి వస్తుందమ్మా? పాత పేపరు పిల్లల్ని పెడుతుందా?"

బయట మెట్ల మీద ఎవరో దగ్గుతున్నారు. ఆగని దగ్గు. కూతురు అటు చూసి పెదవి కొరుక్కుంది.

లైబ్రేరియన్‌కి జాలేసింది. మొదటి పేజీ నుంచి గబగబా తిప్పింది. పేర్లన్నీ మిల్లు ఒక్కో కార్మికుడికీ ఇచ్చిన టోకెన్ నంబర్ల వరసలో ఉన్నాయి. చివరిదైన ఎనిమిదో పేజీ తెరిచింది. చెమ్మకి సిరా పాకిపోయింది. నంబర్లు కనిపిస్తున్నాయి, పేర్లుండాల్సిన చోట మరకలే ఉన్నాయి. మనిషి కంటికే ఆననిది యంత్రం ఏం చదువుతుంది?

"అమ్మ టోకెన్ నంబరెంత?"

"అమ్మకే గుర్తులేదు."

నాలుగూ నలభై.

"మీరే ఎక్కడో ఒకచోట అమ్మ పేరు రాసెయ్యండి మేడమ్. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఏ నంబరు పక్కన రాయను? ఇంకొకరి చోట రాస్తే వాళ్ళ నోట్లో మట్టి కొట్టినట్టే కదా."

చెమట తుడుచుకుని మళ్ళీ ఏడో పేజీకి వెళ్ళింది. అక్కడా అదే మరక. కానీ పక్కన గడిలో నంబరు వెంట నంబరు, ప్రతి పేరూ ముత్యంలా టైపు చేసి ఉంది.

ఇది యంత్రం పని కాదు.

పేజీ అడుగుకి దిగింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అంత కిందికి దిగి చూడలేదు. 'సరిదిద్దినవారు: పాఠకుడు, కార్డు 412. ఈరోజు, 3.52.'

తప్పు కనిపిస్తే కార్డున్న పాఠకులెవరైనా సరిదిద్దవచ్చు. ఈ సౌకర్యం పెట్టిన రోజున మైకు పట్టుకుని ఆ మాట చెప్పింది తనే. ఎవరూ ముట్టుకోవడం లేదని తనే మర్చిపోయింది.

సొరుగు లాగి ఇందాకటి కార్డు తీసింది.

412.

ఆ కార్డు పట్టుకుని బయటికి పరుగెత్తింది. వెనకాలే కూతురూ పరుగెత్తింది. రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసినా ఒంటివేలు తాతగారి జాడ లేదు. మూలమీద దుకాణంలో అడిగితే బస్సెక్కి వెళ్ళిపోయాడన్నారు.

లోపల గడియారం ఐదు కొట్టింది. కూతురు మెట్ల మీద కూలబడింది.

"ఎవరికోసం వెతుకుతున్నావమ్మా?" అని అడిగింది అక్కడే కూర్చున్న తల్లి.

లైబ్రేరియన్ చేతిలోని కార్డు చూపించింది. దానిమీది ఫోటో వైపు ముసలమ్మ కళ్ళు చికిలించి చూసి, మొహం వెలిగిపోతూ చెప్పింది.

"మా మిల్లు గేటు దగ్గర రోజూ హాజరు పిలిచే గుమాస్తాగారమ్మా, ఇందాక ఈ మెట్ల మీదే ఎదురయ్యి, నేనే మర్చిపోయిన నంబరుతో సహా నన్ను పేరు పెట్టి పిలిచి, 'గేటు మూసేశారు, నీ పేజీ దాకా రాలేకపోయాను' అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు."